అందరూ ఒప్పుకున్నారన్నాను

ఆఫ్రికా పాఠం నాకు ఒకప్పుడు చాలా ఇష్టం. ఇప్పుడు ఆ పేజీ తెరవాలంటే చేతులు రావు.

అరకు పైన, కొండ మీదున్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను సోషల్ మాస్టర్ని. కొయ్యూరు వైపు కొన్నేళ్లు చేసి బదిలీ మీద ఇక్కడికొచ్చాను. మాది విజయనగరం దగ్గర పల్లపు ఊరు. కొండ మీదివాళ్లకి పల్లపువాడు ఏం చెప్పినా అది వేదమేనని నాకో నమ్మకం ఉండేది. ఆ మాట ఎవరూ నాతో అనలేదు, నాకు నేనే అనుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారే, అచ్చంగా నా సంగతే. పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే ఆ రోజుకి వాళ్ల పని అయిపోయినట్టే.

ఆఫ్రికా పాఠం మంచు పడే రోజుల్లో వస్తుంది. పది గంటలైనా కిటికీలోంచి ఎదుటి కొండ కనబడదు. పిల్లలు చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంటారు. వాళ్లకి చలి మరిచిపోయేలా చెప్పేవాణ్ని. తెల్లవాళ్లు వెళ్లిపోయారు, వరసగా కొత్త దేశాలు పుట్టుకొచ్చాయి, ఒక్కోదానికి ఒక్కో జెండా, ఒక్కో పాట. విడివిడిగా ఉంటే మళ్లీ ఎవడో ఒకడు వచ్చి నెత్తిమీద కూర్చుంటాడని భయం. అందుకని ముప్పై చిల్లర దేశాల నాయకులు ఇథియోపియా కొండల్లో ఉన్న రాజధానికి చేరి, ఖండమంతటికీ కలిపి ఒక సంఘం పెట్టుకున్నారు. ఇంకా విడుదల కాని దేశాలకి తలో చెయ్యి వేద్దామనుకున్నారు. "మీ ఇళ్ల వెనక ఉన్న కాఫీ మొక్కకి పుట్టిల్లు కూడా ఆ కొండలేనర్రా" అనేవాణ్ని. అక్కడ పిల్లలు కళ్లు పెద్దవి చేసేవారు.

ఆ తరవాత హద్దుల సంగతి. దొరలు ఎక్కడో బల్లల ముందు కూర్చుని రూళ్లకర్రతో గీసిన గీతలవి. ఒకే భాష మాట్లాడే జనం సగం ఇటు, సగం అటు. వాటిని సరిచేయడం మొదలుపెడితే ప్రతి దేశమూ పక్కదేశంతో కొట్టుకు చావాలి. అందుకని సంఘం పెట్టిన మరుసటేడే తీర్మానం చేశారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఏ గీత ఎక్కడుందో అదే హద్దు, ఎవరూ దాన్ని కదపకూడదు. ఈ ముక్క చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగేది. ఎంత తెలివైన పని చేశారో చూడండర్రా అని ఆ తెలివి నాదే అయినట్టు చెప్పేవాణ్ని.

మా తరగతి గోడకి అవతల వంటషెడ్డు. అక్కడ మా వంటామె బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండేది. పిల్లలతో పాటు మేమూ ఆమెని "అప్పా" అనే పిలిచేవాళ్లం. గోడకి పైన గాలి కోసం వదిలిన జాలీ ఉంది కాబట్టి నేను చెప్పే ప్రతి పాఠమూ ఆమెకి వినబడేది. బడికి వెళ్లని మనిషి. కానీ పిల్లలు బువ్వ తినేటప్పుడు "ఒలే గుంటా, ఆ ముప్పై దేశాలోల్లు ఏ కొండ మీద కూకున్నారో సెప్పు" అని అడిగేది. చెప్పలేనిదానికి పప్పు ఆఖర్న.

అప్పకి కళ్లు బాగా లేవు. ఇరవై ఏళ్ల కట్టెపొయ్యి పొగ. గ్యాసు బండ వచ్చేది గానీ రెండు వందల మంది పిల్లలకి అది ఏ మూలకి. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే గంటె తిప్పేది. అడిగితే ఎప్పుడూ ఒకటే మాట.

"ఇంకో రెండేల్లు మేస్టారూ. కాపు నిలబడితే ఈ పొగ ఒగ్గీసి నా మెట్టెక్కిపోతాను."

మెట్ట అంటే గెడ్డకి, అదే కొండవాగుకి, అవతల ఉన్న కొండవాలు. వాళ్లమ్మ ఎప్పుడో నాటిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియపు తీగలు, కింద కాఫీ. పైన రాళ్లు పేర్చిన చోట వాళ్లమ్మని పూడ్చిపెట్టారు. ఆదివారం ఆదివారం అప్ప గెడ్డ దాటి వెళ్లి, కలుపు తీసి, ఆ రాళ్ల దగ్గర కాసేపు కూర్చుని వచ్చేది. ఒకసారి నన్నూ తీసుకెళ్లింది. మడమలు నొప్పి పుట్టి దారంతా సణిగాను. పైకెక్కాక చూస్తే అక్కడ గాలికి పొగ వాసన లేదు. అప్ప కళ్లలో నీళ్లు కూడా లేవు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు, తరవాత తట్టింది.

ఆ వాలు ఆమెదని రాసిన కాగితం లేదు. అప్ప ఊరు గెడ్డకి ఇవతల, కింద. అవతల పై ఊరివాళ్ల కొండ. అప్ప తల్లి కాలంలో ఎవరి పెళ్లిలోనో, ఎవరి చావులోనో ఒకరికొకరు పనికొచ్చి పై ఊరు వాళ్లు ఆ వాలు వీళ్లకి ఇచ్చారట. కాగితం లేకపోయినా మాట ఉంది. ఏటా కొర్రకొత్తల పండగకి, కొత్త కొర్రలు వండి దేవతకి పెట్టాక, రెండు ఊళ్ల పెద్దలూ గెడ్డ ఒడ్డున ఎదురెదురుగా కూర్చుని హద్దు చెప్పుకుంటారు. ఫలానా చింత నుంచి ఫలానా బండ దాకా మీది, ఫలానా వాలు ఫలానా ఆమెది అని నోటితో పైకి చెప్పాలి. అవతలివాళ్లు "ఔను" అనాలి. అంటే మళ్లీ ఏడాది దాకా అదే చెల్లుతుంది. దాన్ని నోటిహద్దు అంటారు. అవసరమైతే ఆ ఏడు కాస్త జరుపుకుంటారు కూడా. ఒకరికి పిల్లలు ఎక్కువైతే రెండు బారలు ఇటు, ఒకరింట్లో చేసేవాడు పోతే రెండు బారలు అటు.

మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను. "నోటిమాట నీటిమూట అప్పా. రేపు ఎవడైనా ఔను అనకపోతే?" అన్నాను.

"అనకపోడం ఏటి? ఎదురుగా కూకున్నాక ఎలగ అనరు?" అంది.

జవాబు తోచనప్పుడు నేను చేసే పనే చేశాను, ఇంకోసారి నవ్వాను.

కొన్నేళ్ల కిందట మా చుట్టుపక్కల ఆరు ఊళ్లకీ ఆశ పుట్టింది. సర్కారు అడవి మీద ఊరుమ్మడి హక్కు ఇస్తుంది, దరఖాస్తు పెట్టుకోండి అన్నారు. కానీ ఊరికి హద్దు ఇదీ అని పక్క ఊరు ఒప్పుకుని సంతకం పెడితేనే కాగితం కదులుతుంది. ఆరు ఊళ్లూ ఒక సంఘంగా కూడాయి. కూడిన నెలకే తగువులు మొదలు. పండగనాడు గెడ్డ ఒడ్డున ఇట్టే తేలే హద్దులు కాగితం మీద ఎంతకీ తేలలేదు. ఏడాదికోసారి జరిగే గీతని ఏ మ్యాపులో గీస్తారు? ఒకడు చింత అన్నాడు, ఒకడు బండ అన్నాడు. గొడ్డలి కామాలు కూడా పైకి లేచాయని విన్నాను.

చివరికి పెద్దలు నా దగ్గరికొచ్చారు. వాళ్లలో ముఖ్యుడు పై ఊరి పెద్ద. చేతికర్ర పక్కన పెట్టి, వరండాలో గొంతుక్కూర్చుని, "మా గుంటలకి దేశాల కతలు సెప్తారు గదా మేస్టారూ, మా కతొకటి తేల్చండి" అన్నాడు. నాకు ఒళ్లు ఉబ్బిపోయింది. పన్నెండేళ్లుగా జీతానికి చెప్పిన పాఠం ఇవాళ నిజంగా ఒకరికి పనికొస్తోంది. ఇంతకంటే మాస్టరుకి కావలసిందేముంది?

ఆ ఆదివారం బడి ఆవరణలో ఆరు ఊళ్లవాళ్లనీ కూర్చోబెట్టి ఆఫ్రికా కథ చెప్పాను. ఆ దేశాలు ఎలా కలిశాయో, హద్దుల దగ్గర ఎలా చిక్కుకున్నాయో, ఆ చిక్కు ఎలా విప్పుకున్నాయో చెప్పాను. ఇక్కడా దొరల కాలంలో కొండల్ని ముఠాలని పేరు పెట్టి భాగాలుగా పంచి పాతిన రాళ్లు ఉన్నాయి. ఆ రాళ్లు న్యాయంగా పాతారని నేను అనలేదు. కానీ ఉన్నాయి కదా. వాటినే హద్దు అనుకుంటే కొట్టుకోవడం ఆగుతుంది, కాగితం వస్తుంది. అంత పెద్ద ఖండమే అలా చేసుకుంటే ఆరు ఊళ్లు చేసుకోలేవా అన్నాను. జనం తలలూపారు. ఎనిమిది రోజుల్లో మళ్లీ కూర్చుని తీర్మానం రాసుకుందామన్నారు.

మర్నాడు మధ్యాహ్నం అప్ప నా టేబుల్ దగ్గరికొచ్చింది. ఎప్పుడూ గడప దాటి లోపలికి రాని మనిషి. చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది.

"ఒకటి అడగనా మేస్టారూ?"

"బేగి అడుగప్పా, పేపర్లు దిద్దుకోవాలి."

"ఆ గీతలు, అలగే ఉంచుకున్నారన్నారు గదా. అందరూ ఒప్పుకున్నారేటి? కాదన్నోలు ఎవులూ లేరా?"

ఇక్కడ నేను అబద్ధమాడాను. తెలియక కాదు. తెలిసే.

కాదన్నవాళ్లు ఇద్దరున్నారు. కాలేజీలో చదువుకున్నదే. రెండు దేశాలు ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. అందులో ఒకటి సోమాలియా. వాళ్ల జనం తరతరాలుగా పశువుల్ని మేపుకునే బీళ్లు గీతకి అవతల, పక్కదేశంలో పడిపోయాయి. మా స్కూలు పుస్తకంలో ఈ మాట లేదు, పరీక్షలో అడగరు, అందుకని నేను ఏ ఏడూ చెప్పలేదు. ఆ రోజు అప్ప అడిగినప్పుడు మాత్రం నాకు ఆ రెండు దేశాలూ కళ్లముందు మెదిలాయి. ఇప్పుడు ఇది చెప్తే మళ్లీ మొదటికొస్తుంది, ఒకరు కాదంటే పదిమంది కాదంటారు, కష్టపడి తెచ్చిన పొత్తు చెడుతుంది అనుకున్నాను. ఎందుకడుగుతున్నావని ఆమెని ఒక్క మాట అడగలేదు. ఆమె మెట్ట రాళ్లకి ఏ పక్కన పడుతుందో అయినా ఆలోచించలేదు. చేతిలో ఎర్ర పెన్నుంది, తల కూడా ఎత్తలేదు.

"అందరూ ఒప్పుకున్నారప్పా" అన్నాను.

"ఒక్కులు కూడా కాదన్లేదా?"

"చెప్పాను కదా. అందరూ ఒప్పుకున్నారు."

ఆమె చేతులు మరోసారి కొంగుకి తుడుచుకుంది. తరవాత "అలగా" అని వెళ్లిపోయింది.

ఎనిమిదో రోజు తీర్మానం రాసింది నేనే. చక్కటి గుండ్రటి రాత. పాత రాళ్లే హద్దులు. ఉత్సాహం కొద్దీ ఇంకో వాక్యం కూడా ఆఫ్రికా నుంచే తెచ్చి కలిపాను. ఒక ఊరి లోపలి విషయాల్లో ఇంకో ఊరు వేలు పెట్టకూడదు. అందరికీ నచ్చింది. పై ఊరి పెద్ద పైకి చదవమన్నాడు, చదివాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమన్నాను. ఆడవాళ్ల వరసలో చివర అప్ప కూర్చుని ఉంది. నా వైపే చూస్తోంది. ఏమీ అనలేదు. వేలిముద్రలు వేశారు.

మర్నాడు రాళ్లు వెతకడానికి వెళ్లాం. ఒక రాయి గెడ్డకి ఇవతల తుప్పల్లో దొరికింది, ఇంకొకటి దానికి దిగువన. రెండింటినీ కలుపుతూ తాడు లాగితే గెడ్డ కూడా పై ఊరిదే అయింది. ఇంక గెడ్డ అవతల ఉన్న మెట్ట సంగతి చెప్పేదేముంది. తాడు పట్టుకున్నవాళ్లలో ఒకడు "అప్ప మెట్ట పోనాది గదేటి" అని మెల్లిగా అన్నాడు. నాకు ఆమె ఎందుకడిగిందో అప్పుడర్థమైంది. బుర్ర అనేది నాకు ఎప్పుడూ ఒక రోజు ఆలస్యంగానే పనిచేస్తుంది.

పై ఊరి పెద్ద చెడ్డవాడు కాదు. ఆ ఏడు కాపు ఆమెనే కోసుకోమన్నాడు. ఆ మరుసటి పండగకి గెడ్డ ఒడ్డున ఎవరూ కూర్చోలేదు. కాగితం మీద హద్దు ఉన్నాక ఇంక నోటితో చెప్పుకునేదేముంది. పై ఊళ్లో సెంటు భూమి లేని కుటుంబం ఒకటుంటే ఆ వాలు వాళ్లకిచ్చారు. వాళ్లూ అన్యాయస్తులు కారు. పసుపు వేసుకోవడానికి నీడ అడ్డమని సగం చెట్లు కొట్టుకున్నారు, అంతే. గొడ్డలి చప్పుడు వంటషెడ్డులోకి వినబడేది. అప్ప ఆ రోజుల్లో గంటె మరీ గట్టిగా తిప్పేది.

నేను ఊరుకోలేదని చెప్పుకోవడానికి ఒకసారి సంఘం దగ్గరికి వెళ్లాను. మిగతా ఊళ్ల పెద్దల్ని కలిసి, ఆమెకి ఆ వాలు వదిలేయమని పై ఊరికి మీరైనా చెప్పండి అన్నాను.

"అది ఆల్ల ఊరి సంగతి గదా మేస్టారూ" అన్నాడొకాయన, కాగితం తీసి చూపిస్తూ. "ఏలు పెట్టకూడదని మీరే గదా రాసినారు."

నా రాతే. గుండ్రంగా, ముచ్చటగా ఉంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు వేసింది నేనే. ఆ ఖండపు సంఘం కూడా ఆ వాక్యం పట్టుకునే ఎన్నో ఏళ్లు సభ్యుల ఇళ్లలో జరిగిన ఘోరాలకి కళ్లు మూసుకుంది. దాదాపు నలభై ఏళ్లకి దాన్ని మూసి, కొత్త పేరుతో ఇంకోటి పెట్టుకుని, మరీ ఘోరం జరిగితే వేలు పెట్టొచ్చని రాసుకున్నారు. మా ఆరు ఊళ్లకి ఆ బుద్ధి ఎప్పుడొస్తుందో, ఆ లోపు అప్ప కళ్లు ఉంటాయో ఉండవో. ఊరుమ్మడి కాగితాలు మాత్రం వచ్చాయి. సంఘం గెలిచిందని మేళం పెట్టారు. నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ట్రంకుపెట్టె అడుగున పడేశాను.

అప్ప నన్ను ఒక్కమాట అనలేదు. అనుంటే బాగుండేది. తిట్టినా సరిపోయేది. నేనూ ఆమెతో ఏమీ చెప్పలేదు. కోపం ముక్కు మీదుండే మనిషికి క్షమాపణ నోటి దాకా రావడం ఎంత కష్టమో నాకు తెలిసొచ్చింది. ఇంకో రెండేళ్లు అనే మాట ఆమె మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఆదివారాలు కూడా షెడ్డులోనే ఉంటోంది. తల్లి రాళ్ల దగ్గరికి వెళ్లాలంటే ఇప్పుడు ఒకరి తోటలోంచి వెళ్లాలి.

ఈ ఏడు అప్ప మనవరాలు నా తరగతికి వచ్చింది. నెమ్మదస్తురాలు కానీ పుస్తకం దొరికితే వదలదు. ఎవరో బడికి దానమిచ్చిన పాత పుస్తకాల్లోంచి లావుపాటి చరిత్ర పుస్తకం ఒకటి పట్టుకొచ్చింది. మంచు కమ్ముకున్న పూట ఆఫ్రికా పాఠం రానే వచ్చింది. నేను హద్దుల దగ్గర గొంతు పెంచకుండా, గబగబా దాటేయబోయాను. పిల్ల చెయ్యెత్తింది.

"సార్, ఇందులో ఇంకోలా ఉంది."

చదవమన్నాను. వద్దనడానికి కారణమేముంది? పిల్ల లేచి నిలబడి, స్పష్టంగా, ఒక్కో అక్షరం వదలకుండా చదివింది. రెండు దేశాలు మాత్రం ఈ తీర్మానాన్ని అంగీకరించలేదు.

గోడ అవతల చేటలో బియ్యం చప్పుడు ఆగింది.

"ఎందుకు ఒప్పుకోలేదు సార్?" అంది పిల్ల.

తప్పించుకోవడానికి దారులు లేకపోలేదు. గంట కొట్టే వేళ కూడా అయింది. కానీ ఇంక చాలనిపించింది. "అందులో ఒక దేశం వాళ్లు పశువులు మేపుకునే చోటు గీతకి అవతల పడింది తల్లీ. అక్కడ వాళ్ల తాతముత్తాతలు తిరిగారు. అందుకని ఒప్పుకోలేదు" అన్నాను. జాలీ వైపు చూడకుండానే, అటు వినబడేలా చెప్పాను. బియ్యం చప్పుడు మళ్లీ మొదలవలేదు.

మధ్యాహ్నం భోజనాల వరసలో పిల్లల ముందు నేను కంచం పట్టుకుని నిలబడ్డాను. మాస్టర్లం ముందు తినేసి తరగతులకి పోతాం. అప్ప అన్నం వేసింది. పప్పు గిన్నెలో గరిటె ముంచి, పైకి తీయకుండా అలాగే ఉంచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అవి ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

"ఆ ఇద్దరూ ఏటయ్యారు మేస్టారూ?" అంది. "కాదన్నందుకు సంఘంలోంచి గెంటీసారా?"

"లేదప్పా" అన్నాను. "ఎవరూ గెంటలేదు. కాదన్నారు, కాదన్నట్టు రాసుకున్నారు. వాళ్ల కుర్చీ వాళ్లకే ఉంది."

అప్ప తలూపింది. ఆ మాట నిజమో కాదో తూచుకుంటున్నట్టు కాసేపు గిన్నెలోకి చూసింది.

"ఒక్కులూ కాదన్లేదన్నారు గదా. నానొక్కదాన్నే కాదంటే ఊరు ఊరంతా ఎలేసెత్తాదని నోరు మూసుకున్నాను" అంది. "తెలిసుంటే నాను మూడోదాన్ని అయుందును."

అందరికీ వేసినట్టే నాకూ రెండు గరిటెల పప్పు వేసింది. నా వెనక పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను పక్కకి జరిగాను.